ఈ నెల ఏ ఆల్బమ్ వింటున్నారు? ఏ ప్రతి వింటున్నారో కూడా చెప్పండి

మంద్రస్థాయి
ఎవరి చెవుల్లో ఏం మోగుతోందో రాయండి. ఒక్క షరతు. ఆల్బమ్ పేరుతో పాటు ఏ ప్రతి వింటున్నారో కూడా చెప్పాలి: ఎల్పీనా, క్యాసెట్టా, సీడీనా, ఫోన్లో యాపా. ఎందుకంటే పది రోజులుగా నేను ఎం.ఎస్.సుబ్బులక్ష్మి గారి బాలాజీ పంచరత్నమాల వింటున్నాను. ‘నానాటి బతుకు’ క్యాసెట్టులో ఒక శ్రుతిలో ఉంది, యాప్‌లో ఇంకో శ్రుతిలో ఉంది. క్యాసెట్టులో గొంతు కాస్త సన్నం, నడక కాస్త తొందర. పైగా తంబురా ఝంకారం, వయొలిన్ విల్లు రాపిడి రెండూ దుప్పటి కప్పినట్టున్నాయి. డెక్కుది తప్పా, క్యాసెట్టుదా, యాప్‌దా? ఎలా తేల్చాలి?

వీణతీగ
నాది ఇళయరాజా ‘హౌ టు నేమ్ ఇట్’, 1986. సీడీ. త్యాగరాజస్వామికీ పాశ్చాత్య స్వరకర్త బాఖ్‌కీ కలిపి అంకితమిచ్చిన ఆల్బమ్. ‘ఐ మెట్ బాఖ్ ఇన్ మై హౌస్’ దగ్గరే ఆగిపోయాను. బాఖ్ ఒంటి వయొలిన్‌కి రాసిన మూడో పార్టీటాలోని ప్రెల్యూడ్ (ఆరంభ భాగం) తన దారిన తను పరిగెడుతుంటే, దాని మీద ఇంకో వయొలిన్ మన గమకాలతో అల్లుకుంటూ పోతుంది. విల్లు వి.ఎస్.నరసింహన్ గారిది. ఫోన్ స్పీకర్లో వింటే రెండు వయొలిన్లూ ఒకే ముద్ద అయిపోతాయి. హెడ్‌ఫోన్ పెట్టుకుని మొదటిసారి బాఖ్‌ని మాత్రమే పట్టుకుని వినండి, రెండోసారి దాన్ని వదిలేసి రెండో వయొలిన్‌ని పట్టుకోండి, మూడోసారి రెండూ.

ఓరుగల్లు_చెవి
నేనైతే శంకరాభరణం ఎల్పీ ఇంటున్న, 1980ది. ‘మానస సంచరరే’ల సామ రాగం ఎంత నిమ్మళంగ నడుస్తదో! మహదేవన్ గారు వాయిద్యాలు పెట్టీ పెట్టనట్టే పెట్టిన్రు, గొంతుకు జాగ ఇడిచిపెట్టిన్రు. మంద్రస్థాయన్నా, నీ క్యాసెట్టు కంపెనీదా, రికార్డింగ్ సెంటర్ల నింపించిందా? ముందుగాల గది చెప్పు.

మంద్రస్థాయి
కంపెనీది కాదు తమ్ముడూ. ఎల్పీల నుంచి రికార్డింగ్ సెంటర్లో నింపించింది. సి-90, అంటే తొంభై నిమిషాలది.

రీలుమామ
అయితే సగం జవాబు దొరికినట్టే. నింపిన డెక్కు నెమ్మదిగా తిరిగిందంటే, సరైన వేగంతో తిరిగే డెక్కులో ఆ క్యాసెట్టు తొందరగా పాడుతుంది. బెల్టు సాగిపోవడం, టేపుని నొక్కి పట్టే పించ్ రోలర్ రబ్బరు గట్టిపడి జారడం వల్ల డెక్కులు ఎక్కువగా నెమ్మదిస్తాయి, తొందరపడటం తక్కువ. పొద్దున్నుంచి రాత్రి దాకా ఆగకుండా నడిచే రికార్డింగ్ సెంటర్ డెక్కులకి ఈ జబ్బు మామూలే.

తేల్చే పద్ధతి ఇది. ఇంకో నాలుగు కంపెనీ క్యాసెట్లు పెట్టి చూడండి, వేర్వేరు కంపెనీలవి. అన్నీ తొందరగా ఉంటే డెక్కుది తప్పు. ఇదొక్కటే అయితే క్యాసెట్టుది. ఎంత తప్పో తెలియాలంటే శ్రుతి దాకా పోనక్కర్లేదు, గడియారం చాలు. మొదటి స్వరం నుంచి చివరి స్వరం దాకా రెండు ప్రతుల్లోనూ టైము పట్టండి. పాట మధ్యలో కోత లేదని ముందు చూసుకోండి. 270 సెకన్ల పాట 262కి ముగిసిందంటే 3 శాతం తొందర. 3 శాతం అంటే 51 సెంట్లు (అర శ్రుతికి వంద సెంట్లు), అంటే పావు శ్రుతి. 6 శాతమైతే అర శ్రుతి పూర్తిగా మారిపోతుంది, ఒకటిలో పాడింది ఒకటిన్నరలో వినపడుతుంది.

దుప్పటి సంగతి వేరే. అది అజిమత్. టేపు నడిచే దారికి హెడ్డులోని సన్నటి చీలిక కచ్చితంగా 90 డిగ్రీల్లో నిలబడాలి. నింపిన డెక్కులో హెడ్డు ఒక వాలులో, మీ డెక్కులో ఇంకో వాలులో ఉంటే పై స్థాయి శబ్దాలు ఎగిరిపోతాయి. దీన్ని చూసే ముందు హెడ్డు, టేపుని లాగే సన్నటి కడ్డీ (క్యాప్‌స్టన్) తుడవండి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూదిపుల్ల. గోధుమరంగు మరక రావడం ఆగేదాకా తుడవాలి. సగం ‘దుప్పట్లు’ ఇక్కడే తొలగిపోతాయి. డాల్బీ (టేపు బుసని తగ్గించే ఏర్పాటు) మీట కూడా చూడండి. డాల్బీ లేకుండా నింపిన టేపుకి అది ఆన్‌లో ఉంటే పైస్థాయి ఇంకా నొక్కేస్తుంది.

ఇంకా మిగిలితే అప్పుడు స్క్రూ. హెడ్డుకి రెండు వైపులా రెండు చిన్న స్క్రూలుంటాయి, స్ప్రింగు ఉన్నదే తిప్పాలి. అయస్కాంతం పట్టని స్క్రూడ్రైవర్ వాడండి. ముందు దాని స్థానం గుర్తు పెట్టుకోండి. ఆంప్లిఫయర్‌ని మోనోలో (రెండు చానళ్లూ కలిసేలా) పెట్టి, పాట నడుస్తుండగా మెల్లగా ఇటూ అటూ తిప్పండి. పావు చుట్టు దాటకూడదు. స, శ, ష అక్షరాలు పదునుగా వినపడే చోట ఆపండి. మోనోలో ఎందుకంటే, వాలు తప్పితే రెండు చానళ్ల పైస్థాయి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, తేడా చెవికి ఇట్టే తెలుస్తుంది. ఈ క్యాసెట్టు అయిపోయాక స్క్రూని పాత గుర్తుకి తెచ్చేయండి, లేకపోతే మిగతా క్యాసెట్లన్నిటికీ దుప్పటి కప్పినవారవుతారు.

మోహనం
పావు శ్రుతికి ఇంత హడావుడి ఎందుకండీ? గాయకులే కచేరీకి కచేరీకి శ్రుతి కాస్త మార్చుకుంటారు. పాట పాటే కదా.

రీలుమామ
మోహనం గారూ, గాయకులు శ్రుతి మార్చుకుంటే గొంతు స్వభావం మారదు. టేపు తొందరైతే శ్రుతి, నడక, గమకం ఊగే వేగం, గొంతులోని గుంభనం అన్నీ ఒకేసారి మారతాయి. ‘నానాటి బతుకు’ నేదునూరి కృష్ణమూర్తి గారు రేవతిలో కట్టిన వరస. రేవతిలో గాంధారం లేదు, ధైవతం లేదు. ఉన్నవి అయిదు స్వరాలే, మధ్యలో పెద్ద ఖాళీలు. షడ్జానికి ఆనుకుని ఉన్న రిషభం మీద ఎంతసేపు నిలిచారన్నదే అక్కడ ప్రాణం. ఆ నిలకడ 3 శాతం తగ్గినా నాకు వైరాగ్యం బదులు ఆదుర్దా వినపడుతుంది.

మోహనం
ఈ కోణం ఒప్పుకుంటాను. రేవతి అన్నాక ఇంక వాదన లేదు.

కాకినాడ_కాజా
గడియారం పద్ధతికి పోల్చడానికి రెండో ప్రతి కావాలి. అది లేనప్పుడు హమ్ పట్టుకోండి. పాత రికార్డింగుల్లో కరెంటు గుయ్యిమనే శబ్దం సన్నగా ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి, పాట మొదలయ్యే ముందు ఖాళీని ఎంచుకుని, ఏ ఫ్రీక్వెన్సీ ఎంతుందో గీసి చూపే ప్లాట్ స్పెక్ట్రమ్‌లో సైజు 65536 పెట్టి చూడండి. 50 దగ్గర గీత 51.5 దగ్గర ఉంటే 3 శాతం తొందర. జాగ్రత్త, మీ సొంత డెక్కు హమ్ కూడా సరిగ్గా 50 దగ్గర ఇంకో గీతగా పడుతుంది. డెక్కులో పాజ్ నొక్కి ఒక నిమిషం విడిగా రికార్డు చేసి, ఏ గీత ఎవరిదో ముందు తేల్చుకోండి.

సబ్‌స్టేషన్
కాజా గారి పద్ధతిలో ఒక చిక్కుంది. ఆ రోజుల్లో మన గ్రిడ్ 50 దగ్గర నిలబడేది కాదు. దక్షిణాది గ్రిడ్‌లో లోడు ఎక్కువై ఫ్రీక్వెన్సీ 49 కంటే కిందికి దిగిపోవడం 1990లలో కూడా మామూలే. సెంటర్లో నింపిన సాయంత్రం 48.5 ఉందనుకోండి. డెక్కు 3 శాతం నెమ్మదిగా తిరిగినా, ఇప్పుడు మీకు గీత 50 దగ్గరే కనపడుతుంది. అంతా సరిగ్గా ఉందనుకుని వదిలేస్తారు. అందుకని పాత టేపుకి హమ్‌ని సాక్ష్యంగా తీసుకోవచ్చు గానీ తీర్పుగా తీసుకోకూడదు.

కాకినాడ_కాజా
ఇది నాకు తట్టలేదు. మంచి మాట. అయితే ఒక్క క్యాసెట్టులోనే మొదటి పాటకీ చివరి పాటకీ వేగం మారిందా అని చూడటానికి వాడుకోవచ్చు. అరగంటలో గ్రిడ్ అంత మారదు.

సబ్‌స్టేషన్
సాయంత్రం ఆరు గంటలప్పుడు మారుతుంది. మధ్యాహ్నం నింపించి ఉంటే సరే.

రేవతి_డల్లాస్
నా పేరున్న రాగం గురించి మాట్లాడుతుంటే రాకుండా ఎలా ఉంటాను! నేను వింటున్నది జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’, 1959. ఈ చర్చకి దాన్ని మించిన ఉదాహరణ లేదు. మార్చి 2న మొదటి సెషన్‌లో ‘సో వాట్’, ‘ఫ్రెడీ ఫ్రీలోడర్’, ‘బ్లూ ఇన్ గ్రీన్’ రికార్డు చేసినప్పుడు ఆ టేపు మెషిన్ కాస్త నెమ్మదిగా తిరిగింది. దాంతో ఎల్పీ మొదటి వైపు మొత్తం శ్రుతి కొంచెం పైకి పోయింది. ఏప్రిల్ 22న చేసిన రెండో వైపు సరిగ్గానే ఉంది. 1990లలో సరిదిద్దిన సీడీలు వచ్చేదాకా ముప్పై ఏళ్లకి పైగా లోకమంతా తప్పు శ్రుతిలోనే విన్నది. రికార్డుతో కలిసి వాయించుకుని నేర్చుకునేవాళ్లు మొదటి వైపుకి వాద్యం శ్రుతి మార్చుకోవాల్సి వచ్చేది. ఈ ఆల్బమ్ కొనేటప్పుడు ‘వేగం సరిదిద్దినది’ అని ఉందేమో అట్ట మీద చూడండి.

ఇక్కడి తెలుగువాళ్లకి ఇంకొక మాట. ఇండియా నుంచి పాత రికార్డు ప్లేయర్ తెచ్చుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి 230 వోల్టులు ఇస్తే సరిపోదు. ఏసీ మోటారు వేగం వోల్టుల మీద కాదు, హెర్ట్జ్ మీద ఆధారపడుతుంది. ఇక్కడ 60 కాబట్టి 33⅓ తిరగాల్సిన పళ్లెం 40 తిరుగుతుంది. 20 శాతం తొందర. దగ్గర దగ్గర ఒకటిన్నర శ్రుతి పైకి. ఘంటసాల గారి గొంతు చిన్నపిల్లాడి గొంతు అవుతుంది. మోటారుకి ఉండే పుల్లీని 60 హెర్ట్జ్‌ది వేయించాలి. డీసీ మోటారు ప్లేయర్‌కి ఈ బాధ లేదు.

ఓరుగల్లు_చెవి
అంటే ఎల్పీ గూడ తప్పుండొచ్చన్నట్టు! మరి దేన్ని నమ్ముడు?

రీలుమామ
సినిమా పాటలైతే స్థిర శ్రుతి వాయిద్యాలని నమ్మండి. పియానో, ఆర్గన్, వైబ్రాఫోన్ ఉన్న పాటలో ట్యూనర్ యాప్ పెడితే ఆ స్వరాలు 440 లెక్కకి దగ్గర్లో పడాలి. పాతిక సెంట్లు పక్కకి పోయాయంటే వేగాన్ని అనుమానించవచ్చు. కర్ణాటక సంగీతానికి ఇది కుదరదు. తంబురాని గొంతుకి సరిపెట్టుకుంటారు, 440కి కాదు. అక్కడ వేరే ప్రతితో పోల్చడమే దారి. ఓరుగల్లు తమ్ముడూ, నీ ప్లేయర్ వేగం చూసుకున్నావా?

ఓరుగల్లు_చెవి
వేగం చూసే గీతల స్ట్రోబ్ కాయిదం పెట్టిన మామా, గీతలు నిలవడ్తలెవ్వు. అసలు కనవడ్తనే లెవ్వు.

సబ్‌స్టేషన్
ఎల్ఈడీ బల్బు కింద చూస్తున్నట్టున్నారు. మంచి ఎల్ఈడీ మిణుకుమనదు, అందుకే గీతలు ఆగినట్టు కనపడవు. పాత చోక్ ట్యూబులైటు కింద గానీ నియాన్ ఇండికేటర్ దగ్గర గానీ పెట్టండి. 50 హెర్ట్జ్‌కి 33⅓ అయితే 180 గీతలున్న వలయం నిలబడాలి.

గౌళ
నేను 78 వేగం పళ్లేల మనిషిని. ఈ నెలంతా ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్. పది అంగుళాల పళ్లెం వైపుకి మూడు, మూడున్నర నిమిషాలు. అంతలోనే రాగస్వరూపం చూపించి, కృతి ఎత్తుకుని, ముగించాలి. ఒక్క గీత ఎక్కువ ఉండదు. విజయనగరం కళాశాల విద్యార్థులు ఆ విల్లు పట్టు చూసి నేర్చుకున్నారు, మనం విని నేర్చుకోవాలి.

వీటిని డిజిటల్‌లోకి ఎక్కించేవాళ్లు చేసే తప్పులు మూడు. మొదటిది ముల్లు. ఎల్పీ ముల్లు మొన వ్యాసార్ధం వెయ్యో వంతు అంగుళంలో 0.7 నుంచి 1. 78కి 3 దగ్గర ఉండాలి. సన్న ముల్లు వెడల్పు గాడి అడుగున దొర్లుతూ అక్కడున్న మురికినంతా చదువుతుంది, గోడల మీదున్న సంగీతాన్ని వదిలేస్తుంది. రెండోది ఈక్వలైజేషన్, అంటే పై, కింది స్థాయుల దిద్దుబాటు. ఇప్పటి ఫోనో ఆంప్లిఫయర్లన్నీ ఎల్పీలకి వాడే ఆర్ఐఏఏ దిద్దుబాటు వక్రరేఖతో వస్తాయి. అది 10 కిలోహెర్ట్జ్ దగ్గర 13.7 డెసిబెళ్లు తగ్గిస్తుంది. పాత 78లు ఆ లెక్కన కోసినవి కావు. కాబట్టి విల్లు మెరుపంతా పోయి కింది స్థాయి ఉబ్బుతుంది. ఎక్కించాక సాఫ్ట్‌వేర్‌లో ఆర్ఐఏఏని తిరగేసి, 250–300 హెర్ట్జ్ దగ్గర మలుపు పెట్టి, పైస్థాయిని తగ్గించకుండా వదిలేయండి. మూడోది వేగం. ప్లేయర్‌లో 78 లేకపోతే 45లో ఎక్కించి వేగం పెంచవచ్చు, 73.2 శాతం. 50 హెర్ట్జ్ స్ట్రోబ్ లెక్కలో 78 అంటే 77.92 చుట్లు, అందుకే ఆ అంకె. కాకపోతే 45లో ఎక్కించినప్పుడు ఫోనో దిద్దుబాటు వేరే చోట పడుతుంది. కాబట్టి ముందు ఆర్ఐఏఏ తిరగేసి, ఆ తర్వాతే వేగం పెంచాలి. వరస మారిస్తే శబ్దం మొత్తం చెడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం: రీలుమామ గారు పైన చెప్పిన ఆల్కహాల్ టేపు హెడ్డుకే. 78 పళ్లెం మీద చుక్క కూడా వేయకండి. అది లక్క. ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. ఒక్క తుడుపుతో గాళ్లు పోతాయి, మళ్లీ తెచ్చుకోలేం. డిస్టిల్డ్ వాటర్‌లో ఒకటి రెండు చుక్కలు సువాసన లేని గిన్నెల సబ్బు, మెత్తటి బ్రష్షు, గాడి దారిలోనే గుండ్రంగా. లేబుల్ తడవకూడదు. నానబెట్టకూడదు.

రీలుమామ
గౌళ గారికి దండం. నేను రాస్తున్నప్పుడే ఈ మాట చెప్పి ఉండాల్సింది.

వీణతీగ
ప్రతుల్ని పోల్చేవాళ్లకి ఒక మాట. ముందు వాల్యూమ్ సమం చేయండి. ఒక డెసిబెల్ ఎక్కువున్నా ‘ఇదే బాగుంది’ అనిపిస్తుంది. యాప్‌లో నార్మలైజేషన్ (పాటలన్నిటి శబ్దాన్ని యాపే సమం చేయడం) ఆపేయండి. మళ్లీ ముద్రించిన సీడీల్లో చాలావాటికి శబ్దం పెంచడం కోసం శిఖరాలు నరికేస్తారు. ఆడాసిటీలో తరంగం చూస్తే ఇటుక గోడలా తెలిసిపోతుంది. నా దగ్గర ఒక సంకలనం సీడీ అలాగే ఉంది, మృదంగం చాపు దెబ్బ దిండు మీద కొట్టినట్టుంటుంది.

కాకినాడ_కాజా
నా జాబితా చెప్పడం మర్చిపోయాను. ‘శక్తి’ బృందం మొదటి ఆల్బమ్, 1976. అంతకు ముందు ఏడాది కచేరీలో పట్టింది. మెక్‌లాఫ్లిన్ గిటారు, ఎల్.శంకర్ వయొలిన్, జాకీర్ హుస్సేన్ తబలా, రాఘవన్ మృదంగం, విక్కు వినాయకరామ్ ఘటం. ‘జాయ్’ పద్ధెనిమిది నిమిషాలు. ఘటం వినడానికే పెట్టండి. కుండ మూతి పొట్టకి ఆనించినప్పుడు వచ్చే గుమ్కీ చిన్న స్పీకర్లలో పలకదు, కనీసం 5 అంగుళాల ఊఫర్ కావాలి. రెండోది మాండలిన్ శ్రీనివాస్ గారు మైకేల్ బ్రూక్‌తో చేసిన ‘డ్రీమ్’, 1995. పాలకొల్లు కుర్రాడి వాద్యం ఎక్కడి దాకా వెళ్లిందో వినండి. మామూలు మాండలిన్‌కి జంట తీగలుంటాయి, వాటి మీద గమకం లాగితే రెండూ సమంగా సాగవు. ఆయన ఒంటి తీగలు అయిదు పెట్టుకున్నారు, ఎలక్ట్రిక్. అందుకే స్వరం వీణలా జారుతుంది.

మోహనం
నాది ఘంటసాల గారి భగవద్గీత. ఆయన పోయాక విడుదలైంది. ఊళ్లో మైకులో, అది కూడా ఎవరో పోయినప్పుడే వినడం అలవాటై మనం దాన్ని ఆల్బమ్‌గా వినడం మానేశాం. ఇంట్లో కూర్చుని, మొదటి నుంచి చివరి దాకా ఒక్క పట్టున వినండి. శ్లోకానికి రాగం మారుతుంది, తాత్పర్యం దగ్గర గొంతు మామూలు మాటలోకి దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. ఆ దిగడం ఎక్కడం మైకులో తెలియదు. పైగా రీలుమామ గారు చెప్పిన అజిమత్ పరీక్షకి దీనికి మించినది లేదు. మాట స్పష్టం, ఊష్మాక్షరాలు నిండుగా.

మంద్రస్థాయి
ఫలితాలు. కంపెనీ క్యాసెట్లు నాలుగూ సరైన వేగంతోనే ఉన్నాయి. నింపించినది 3.1 శాతం తొందర. కాబట్టి డెక్కు జోలికి పోలేదు. హెడ్డు తుడిస్తే సగం తేట పడింది, మిగతాది స్క్రూ. ఎనిమిదో వంతు చుట్టుకే తంబురా పైకొచ్చింది. రెండో వైపు మళ్లీ దుప్పటి! దానికి వేరే స్థానం కావాల్సి వచ్చింది. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో, శిఖరాలు మైనస్ 6 డెసిబెళ్లు దాటకుండా ఎక్కించాను. ఇప్పుడు ఆడాసిటీలో ఏది వాడాలి? చేంజ్ పిచ్, చేంజ్ టెంపో, చేంజ్ స్పీడ్ మూడున్నాయి.

కాకినాడ_కాజా
చేంజ్ స్పీడ్ ఒక్కటే. పిచ్ వాడితే శ్రుతి దిగుతుంది గానీ నడక తొందరగానే ఉండిపోతుంది. టెంపో వాడితే అటుది ఇటు. పైగా ఆ రెండూ శబ్దాన్ని ముక్కలు చేసి అతికిస్తాయి, గమకం మీద గరుకు తెలుస్తుంది. 3.1కి 1ని 1.031తో భాగిస్తే 0.970. అంటే మైనస్ 3.0 శాతం. మైనస్ 3.1 కొట్టినా తేడా రెండు సెంట్ల లోపే. అసలు ఎక్కించిన ఫైలు మాత్రం ఉంచుకోండి, సరిదిద్దింది వేరే పేరుతో పెట్టండి.

మంద్రస్థాయి
చేశాను. యాప్‌లో ప్రతితో కలిపి పెడితే రెండు షడ్జాలూ ఒకటైపోయాయి. ఇంకో అనుమానం. పల్లవి ఎత్తుకునే ముందు, నిశ్శబ్దంలో, అదే పల్లవి దూరంగా గుసగుసలా వినపడుతోంది. చివరి పాటల దగ్గర ఎక్కువ. ఇది ఎల్పీలోంచి వచ్చిందా?

రీలుమామ
టేపుదే అయి ఉంటుంది. ప్రింట్-త్రూ అంటారు. సి-90 టేపు మందం 12 మైక్రాన్లే, సి-60ది 18. చుట్ట మీద చుట్ట ఏళ్ల తరబడి ఆనుకుని ఉంటే ఒక పొర అయస్కాంతపు ముద్ర పక్క పొర మీద పడుతుంది. ఎక్కించే ముందు క్యాసెట్టుని ఆ చివరి నుంచి ఈ చివరికి రెండు మూడుసార్లు పూర్తిగా తిప్పండి, కొంత తగ్గుతుంది. ఎల్పీలోనూ పక్క గాడి నుంచి ముందస్తు గుసగుస రావచ్చు, కానీ అది సరిగ్గా ఒక చుట్టు, అంటే 1.8 సెకన్ల ముందు వస్తుంది. గుసగుసకీ పల్లవికీ మధ్య ఎంతుందో కొలిచి చూడండి. మీ ఎక్కింపులో అయితే సరిదిద్దిన ఫైలులో కొలవాలి.

మంద్రస్థాయి
1.8 కాదు. మొదటి పాట దగ్గర ఒక రకం, చివర్లో ఇంకో రకం ఉంది.

రీలుమామ
చుట్ట సైజుని బట్టి మారుతోందంటే టేపుదే. తిప్పి మళ్లీ ఎక్కించండి.

ఓరుగల్లు_చెవి
మామా, ట్యూబులైటు కింద పెట్టిన. 180 గీతలు నిలవడ్డయి! ‘మానస సంచరరే’ మల్ల మొదటికెల్లి ఇంటున్న.